గెలిచిన రాత్రి అధ్యక్షుడు 'మేము' అన్నాడా, 'మనం' అన్నాడా?

మీరు అడిగింది ఇది: ఏ దేశంలో చూసినా కొత్తగా ఎన్నికైన అధ్యక్షుడు గెలిచిన రాత్రి దేశాన్ని ఉద్దేశించి మాట్లాడే మాటలు ఒకేలా ఉంటాయి, అందరికీ థాంక్స్, అందరం ఒకటే, కొత్త రోజులొచ్చాయి, అంతే కదా, అందులో నిజంగా వినాల్సింది ఏమైనా ఉందా? పైగా కాలేజీలో పెట్టిన మాక్ ఎన్నికల కోసం అలాంటి ప్రసంగం ఒకటి మీరే రాయాల్సి వచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదన్నారు.

మొదటి సగంతో నాకు పేచీ లేదు. పేర్లు తీసేసి కాగితం చేతిలో పెడితే ఏది ఎవరి ప్రసంగమో చెప్పడం కష్టమే. 2016 నవంబరు 9 తెల్లవారుజామున న్యూయార్క్ హిల్టన్ హోటల్లో ట్రంప్ ఏం మాట్లాడాడో గుర్తుందా? తన సభల్లో ప్రత్యర్థిని జైల్లో పెట్టాలని జనం నినాదాలు చేసిన ఎన్నిక అది. ఆ రాత్రి మాత్రం హిల్లరీ క్లింటన్ దేశానికి చేసిన సేవకి ఆమెకు రుణపడి ఉన్నామన్నాడు, చీలిక గాయాలకి కట్టు కట్టే సమయం వచ్చిందన్నాడు, అమెరికన్లందరికీ అధ్యక్షుడిగా ఉంటానని మాటిచ్చాడు. ఎవరైనా అనే మాటలే. కాబట్టి "ఐక్యత గురించి అన్నాడా లేదా" అని వింటే మీకేమీ దొరకదు. వినాల్సిన చోటు వేరే ఉంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా అంతర్జాతీయ వార్తల డెస్కులో పనిచేశాను. యుద్ధ వార్తలు రాసేటప్పుడు కూడా అంత టెన్షన్ పడలేదు కానీ ఈ గెలుపు ప్రసంగాల రోజున మాత్రం చేతులు చల్లబడేవి. చెవిలో హెడ్‌ఫోన్లు, ఎదురుగా కీబోర్డు, వెనకాల నిలబడి "అయిందా, అయిందా" అంటూ షిఫ్టు ఇన్‌చార్జి. గెలిచిన నాయకుడు అక్కడ వాక్యం ముగించేలోపు ఇక్కడ తెలుగు వాక్యం స్క్రోలింగులో పడాలి. పెద్ద పెద్ద మాటలు ఇబ్బంది పెట్టవు, ప్రజాస్వామ్యం, స్వేచ్ఛ, త్యాగం, అన్నిటికీ మాటలు సిద్ధంగానే ఉంటాయి. ప్రాణం మీదకి తెచ్చేది ఒక్క చిన్న మాట. 'వుయ్'.

ఇంగ్లిషులో 'వుయ్' అంటే పని అయిపోతుంది. తెలుగులో కాదు. మేమా, మనమా? 'మేము' అంటే వింటున్నవాడు గడప బయట ఉన్నాడు. 'మనం' అంటే వింటున్నవాడు కూడా లోపలే ఉన్నాడు. ఇంగ్లిషు వాడికి, ఫ్రెంచి వాడికి, స్పానిష్ వాడికి ఈ తేడా దాటవేసే సౌకర్యం ఉంది, అనువాదం చేసే మాకు లేదు, ప్రతి వాక్యానికీ ఆగి "ఈ మనిషి ఎవరిని కలుపుకుని మాట్లాడుతున్నాడు?" అని తేల్చుకోవాల్సిందే. 'వుయ్ వన్' అన్నాడనుకోండి. 'మేం గెలిచాం' అని రాస్తే, ఓడిన అభ్యర్థికి ఓటేసి టీవీ ముందు ముఖం వేలాడేసుకుని కూర్చున్న మనిషికి అది ఒక వార్త. 'మనం గెలిచాం' అని రాస్తే అదే మనిషికి పుండు మీద కారం. కానీ 'వుయ్ విల్ బిల్డ్' దగ్గరికొచ్చేసరికి వ్యవహారం తిరగబడుతుంది, 'మేం కడతాం' అంటే నువ్వు పక్కకి జరుగు అన్నట్టు, 'మనం కడదాం' అంటే నువ్వూ రా అన్నట్టు.

కొన్నేళ్లకి నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ ప్రసంగం పనల్లా 'మేము' దగ్గర బయల్దేరి 'మనం' దగ్గరికి చేరడం. నిన్నటి ప్రచారం, పోరాటం, గెలుపు, అవి మేము. రేపటి నుంచి జరగాల్సింది మనం. ఆ మలుపు ఎక్కడ తిరిగాడు, ఎంత నమ్మకంగా తిరిగాడు, అసలు తిరిగాడా, అది వినండి.

ఇది భాషలోనే ఉన్న దేశం ఒకటుంది. ఇండోనేసియా. వాళ్లకీ మనలాగే రెండు మాటలు, 'కిత' అంటే మనం, 'కమి' అంటే మేము, అందుకని అక్కడి నాయకుడు తప్పించుకోలేడు. 2014 అధ్యక్ష ఎన్నికల్లో జోకో విడోడో (అందరూ పిలిచేది జోకోవి అని), ప్రబోవో సుబియాంతో ఇద్దరే పోటీ. బ్యాలెట్‌లో ప్రబోవోది ఒకటో నంబరు, జోకోవిది రెండో నంబరు, ఊరంతా ఒకరికొకరు ఒక వేలు, రెండు వేళ్లు చూపించుకుంటూ తిరిగారు. పోలింగు జరిగిన రోజునే ఇద్దరూ మేమే గెలిచాం అన్నారు. జులై 22న అధికారిక ఫలితం వచ్చింది, 53.15 శాతం, 46.85 శాతం. జోకోవి ఆ రాత్రి ప్రసంగానికి ఎంచుకున్న చోటు చూడండి, స్టేడియం కాదు, పార్టీ ఆఫీసు కాదు, జకార్తాలోని సుందా కెలాపా అనే పాత రేవులో లంగరేసి ఉన్న చెక్క ఓడ. అక్కడ నిలబడి ఒకటో నంబరును మరిచిపోండి, రెండో నంబరును మరిచిపోండి, మళ్లీ ఇండోనేసియాకి తిరిగొద్దాం అన్నాడు, ఇకనుంచి రెండు వేళ్ల సలాం వద్దు, మూడు వేళ్లు చూపిద్దాం అన్నాడు. వాళ్ల రాజ్యాంగ సిద్ధాంతమైన పంచశిలలో మూడోది దేశ ఐక్యత, అందుకు మూడు వేళ్లు.

ఎంత చిన్న పనో చూడండి. "ఐక్యంగా ఉందాం" అని ఎవరైనా అంటారు. తనని గెలిపించిన నంబరునే ముందు తాను వదిలేయడం వేరు. ప్రబోవో అప్పటికప్పుడు కరిగిపోలేదు లెండి, ఫలితాన్ని ఒప్పుకోకుండా రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లాడు, అక్కడ కొట్టేశారు, 2019లో మళ్లీ పోటీ చేసి మళ్లీ ఓడాడు, ఆ తర్వాత జోకోవి క్యాబినెట్‌లోనే రక్షణ మంత్రి అయ్యాడు, 2024లో ఆయనే అధ్యక్షుడయ్యాడు. ఒక్క ప్రసంగం వల్లే ఇదంతా జరిగిందని నేననను. కానీ తలుపు మూసేయకుండా ఉంచింది ఆ రాత్రి.

ఇక అందరూ చెప్పుకునే ఒబామా ప్రసంగం, 2008 నవంబరు 4, షికాగో గ్రాంట్ పార్కు. జనం చప్పట్లకే కొట్టుకుపోయి అందరూ 'యెస్ వుయ్ కెన్' ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు. నాకు పనిలో ఉపయోగపడింది వేరే రెండు చోట్లు. ఒకటి, తనకి ఓటు వేయనివాళ్లతో మాట్లాడేటప్పుడు ఆయన 'వుయ్' వాడలేదు. 'నేను', 'మీరు' అన్నాడు. ఈ రాత్రి మీ ఓటు గెలుచుకోలేకపోయి ఉండొచ్చు, కానీ మీ గొంతు నాకు వినిపిస్తోంది, మీ సాయం నాకు కావాలి, మీకూ నేనే అధ్యక్షుడిగా ఉంటాను. మనకి ఓటేయని మనిషి భుజం మీద అప్పుడే చెయ్యేసి 'మనం మనం' అంటే అతనికి ఒళ్లు మండుతుంది, ముందు నేను నేనే, నువ్వు నువ్వే అని ఒప్పుకుని తర్వాత దగ్గరికి జరగాలి. రెండోది, ఆయన తన పార్టీ మహానుభావుల్ని ఎవరినీ పిలవలేదు, లింకన్‌ని పిలిచాడు. రిపబ్లికన్ పార్టీ జెండాని మొట్టమొదట వైట్‌హౌస్‌కి మోసుకెళ్లిన మనిషి మా రాష్ట్రం వాడే అని గుర్తుచేసి, మనం శత్రువులం కాదు స్నేహితులం అన్న లింకన్ మాటని చెప్పాడు. ఓడిన పార్టీ ఇంట్లో గోడ మీద ఎవరి ఫొటో ఉందో చూసుకుని మరీ ఎంచుకున్న మాట అది.

అదే రాత్రి అవతల ఫీనిక్స్‌లో మెకెయిన్ ఓటమి ఒప్పుకుంటూ మాట్లాడుతుంటే, ఒబామా పేరు రాగానే సొంత అభిమానులు ఈలలేసి గోల చేస్తే, చేతులెత్తి వద్దని ఆపాడు. గెలుపు ప్రసంగం సగమే, మిగతా సగం ఓడినవాడి చేతిలో ఉంటుంది అని నేను అందరికీ చెప్పేది అందుకే.

ఆ సగం రాకపోతే ఏమవుతుందో నాకు ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే తెలిసొచ్చింది. 2000 నవంబరు, అక్కడ అర్ధరాత్రి దాటింది, మా డెస్కులో మధ్యాహ్నం. టీవీ నెట్‌వర్కులన్నీ ఫలితాన్ని తేల్చే ఫ్లోరిడా రాష్ట్రం బుష్‌దే అని చెప్పేశాయి, అల్ గోర్ బుష్‌కి ఫోన్ చేసి అభినందించాడు, నేను 'బుష్ విజయం' అని వార్త టైపు చేసి పంపించి భోజనానికి లేచాను. తిరిగొచ్చేసరికి గోర్ మళ్లీ ఫోన్ చేసి, ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నా అన్నాడు. మా ఇన్‌చార్జి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు, తప్పు నాది కాకపోయినా. ఆ తర్వాత 36 రోజులు దేశంలో గెలిచినవాడు లేడు. డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పు, ఫ్లోరిడాలో తేడా 537 ఓట్లు, దేశం మొత్తం మీద చూస్తే గోర్‌కే ఐదు లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు. మర్నాటి రాత్రి ముందు గోర్ మాట్లాడాడు, ఈసారి మళ్లీ తిరిగి ఫోన్ చేయనని బుష్‌కి మాటిచ్చానంటూ తన మీద తానే జోకేసుకున్నాడు. గంట తర్వాత బుష్.

నన్నడిగితే ఆ స్థితిలో బుష్ కంటే కష్టమైన ప్రసంగం ఎవరికీ రాలేదు. సగం దేశం నువ్వు గెలవలేదు, కోర్టు గెలిపించింది అంటోంది. ఆయన మాట్లాడింది ఆస్టిన్‌లో, టెక్సాస్ ప్రతినిధుల సభ హాల్లో. ఎందుకంటే ఆ సభలో మెజారిటీ డెమొక్రాట్లది. సభకి పరిచయం చేసింది కూడా డెమొక్రాట్ స్పీకరే. ఇది డెమొక్రాట్లకి మెజారిటీ ఉన్న చోటు, ఇక్కడ ఇరు పార్టీల వాళ్లం కలిసి పనిచేశాం, అందుకే ఇక్కణ్నుంచి మాట్లాడుతున్నా అని నోరు విడిచి చెప్పాడు కూడా. ఒక పార్టీకి సేవ చేయడానికి కాదు, ఒక దేశానికి సేవ చేయడానికి ఎన్నికయ్యాను అన్న వాక్యం అక్కడిదే. తర్వాత ఆయన పాలన మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, నాకూ ఒకటుంది, కానీ ఆ రాత్రి నిలబడిన చోటు ఎంపిక గురించి అయితే వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. మాట కంటే ముందు గది 'మనం' అంది.

(మాక్రాన్ 2017లో లూవ్ర్ మ్యూజియం ఆవరణలో చీకట్లో ఒక్కడే చాలాసేపు నడుచుకుంటూ వచ్చాడు, వెనక బీథోవెన్ సంగీతం. చూడ్డానికి అద్భుతం. నాకు మాత్రం అందులో మేమూ లేదు, మనమూ లేదు, ఉత్త 'నేను' కనిపించింది. అది నా చాదస్తం అనుకోండి.)

కానీ అదే మాక్రాన్ ఐదేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్ 24న, ఈఫిల్ టవర్ కింద చేసింది నాకు చాలా నచ్చింది. 58.5 శాతంతో గెలిచాడు. ఓడిన తీవ్ర మితవాద (ఫార్ రైట్) నాయకురాలు లె పెన్ పేరు రాగానే జనం గోల చేస్తే ఆపాడు, ఎవరి మీదా అరవొద్దన్నాడు. దానికంటే ముఖ్యం, నాకు ఓటేసినవాళ్లలో చాలామంది నా ఆలోచనలు నచ్చి వేయలేదు, తీవ్ర మితవాదాన్ని ఆపడానికి వేశారు, అది నాకు తెలుసు, ఈ ఓటు రాబోయే ఏళ్లలో నా మీద బాధ్యత పెడుతోంది అన్నాడు. ఫ్రెంచిలో ఆయన వాడిన క్రియకి తెలుగులో దగ్గరి మాట 'బాకీపడ్డాను'. గెలిచిన రాత్రి తన గెలుపుని తానే తగ్గించి చెప్పిన అధ్యక్షుణ్ని నేను పెద్దగా చూడలేదు. అది వినయమో, లెక్క తెలిసినతనమో తెలియదు కానీ లెక్క మాత్రం కరెక్టే, రెండు నెలలు తిరక్కుండా పార్లమెంటు ఎన్నికల్లో ఆయన కూటమికి 577 సీట్లలో 245 మాత్రమే వచ్చి సంపూర్ణ మెజారిటీ పోయింది.

దీనికి పూర్తి వ్యతిరేకం 2019 నవంబరు 18న శ్రీలంకలో. గోటబయ రాజపక్స అనురాధపురంలోని రువన్వెలి స్తూపం దగ్గర ప్రమాణం చేసి మాట్లాడాడు. సింహళుల ఓట్లతోనే గెలవగలనని నాకు ముందే తెలుసు, అయినా తమిళుల్ని, ముస్లింల్ని ఈ విజయంలో భాగం కమ్మని అడిగాను, వాళ్ల నుంచి ఆశించినంత స్పందన రాలేదు, ఇది ఆయన మాటల సారం. ఆ తర్వాత నాకు ఓటేసినవాళ్లకీ, వేయనివాళ్లకీ నేనే అధ్యక్షుణ్ని అని కూడా అన్నాడు. కానీ అప్పటికే ఎవరు ఓటేశారో, ఎవరు వేయలేదో జాతుల వారీగా లెక్క చదివేశాక ఆ 'అందరికీ' అన్న మాటకి విలువేముంది? రాసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, ఒక్క వాక్యం పది వాక్యాలని రద్దు చేయగలదు.

తేడా తక్కువగా ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్త. బ్రెజిల్‌లో 2022 అక్టోబరు 30న లూలాకి 50.9 శాతం, బొల్సొనారోకి 49.1 శాతం. నాకు ఓటేసినవాళ్లకే కాదు, 21.5 కోట్ల మంది బ్రెజిలియన్ల కోసం పరిపాలిస్తాను, రెండు బ్రెజిళ్లు లేవు అన్నాడు లూలా. మాట బాగుంది, బలంగా ఉంది. అవతల బొల్సొనారో రెండు రోజుల దాకా నోరు విప్పలేదు, విప్పినప్పుడూ ఓడిపోయానని అనలేదు. లూలా పదవిలోకి వచ్చిన వారానికి, 2023 జనవరి 8న, ఓడిన పక్షం మద్దతుదారులు బ్రసీలియాలో పార్లమెంటు, సుప్రీంకోర్టు, అధ్యక్ష భవనం మీద పడ్డారు. ఎంత మంచి ప్రసంగమైనా ఒంటి చేత్తో చప్పట్లు కొట్టలేదు.

చట్టం విషయం కూడా అడిగారు కదా, ఇది తప్పనిసరా అని. అమెరికాలో కానీ, ఫ్రాన్సులో కానీ గెలిచిన రాత్రి మాట్లాడి తీరాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఓటమి ఒప్పుకోవాలనీ లేదు. 1896లో విలియం జెన్నింగ్స్ బ్రయన్ తన మీద గెలిచిన మెకిన్లీకి టెలిగ్రాం పంపినప్పటి నుంచి అమెరికాలో అది మర్యాదగా నడుస్తోంది, మర్యాదే, చట్టం కాదు. ఇంకా తమాషా ఏమిటంటే, మాట్లాడే సమయానికి ఆ మనిషి చేతిలో అధికారం ఉండదు. అమెరికాలో జనవరి 20 దాకా ఆగాలి. గెలుపు ప్రకటన మాటతో జరగదు, లెక్కతో జరుగుతుంది. అందుకే సమయం ముఖ్యం. 2020 నవంబరు 4 తెల్లవారుజామున లక్షల ఓట్లు లెక్కపెట్టాల్సి ఉండగానే ట్రంప్ వైట్‌హౌస్‌లో నిలబడి నిజానికి మేం గెలిచేశాం అన్నాడు. బైడెన్ నవంబరు 7 దాకా, పెన్సిల్వేనియా తేలేదాకా ఆగి, విల్మింగ్టన్‌లో కార్ల పార్కింగులో నిలబడి మాట్లాడాడు, కరోనా రోజులు కాబట్టి జనం కార్లలోంచి హారన్లు కొట్టారు. ట్రంప్‌కి ఓటేసినవాళ్లతో మీ నిరాశ నాకు అర్థమవుతుంది, నేనూ ఒకటి రెండుసార్లు ఓడినవాణ్నే, ఒకరికొకరం ఒక అవకాశం ఇచ్చుకుందాం అన్నాడు. ఆ రోజు నేను క్షణం కూడా ఆలోచించకుండా 'మనం ఒకరికొకరం' అని కొట్టాను. అవతలి నుంచి ఫోన్ రాలేదు, ఆ తర్వాత 2021 జనవరి 6న ట్రంప్ మద్దతుదారులు పార్లమెంటు భవనం మీద పడ్డ సంగతి అందరికీ తెలుసు.

ఫోన్ వచ్చినా గ్యారంటీ లేదు. గాంబియాలో 22 ఏళ్లు ఏలిన యహ్యా జమ్మే 2016 డిసెంబరు 2న ఓటమి ఒప్పుకుని అడామా బారోని అభినందించాడు, వారం తిరక్కుండా డిసెంబరు 9న అబ్బే కుదరదన్నాడు. బారో చివరికి పొరుగు దేశం సెనెగల్ రాజధాని డకార్‌లో, తమ దేశ ఎంబసీలో ప్రమాణం చేయాల్సి వచ్చింది.

థాంక్స్ చెప్పే భాగం గురించి ఎక్కువ చెప్పను. పేర్లు తక్కువ, నిజం ఎక్కువ ఉండాలి, అంతే. 2024లో ట్రంప్ ఇలాన్ మస్క్ రాకెట్ గురించి చెబుతూ పోయిన నిమిషాలు అనువాదం చేసే మాకు విశ్రాంతి. కెనెడీ 1960 నవంబరు 9న హయానిస్‌లో మాట్లాడింది కొన్ని నిమిషాలే. ఆరుకోట్ల పైచిలుకు ఓట్లలో తేడా లక్ష చిల్లర. నిక్సన్, ఐసెన్‌హోవర్ పంపిన టెలిగ్రాంలు చదివి, తన జవాబులు చదివి, నేనూ నా భార్యా ఒక కొత్త ప్రభుత్వానికీ ఒక కొత్త పాపాయికీ సిద్ధమవుతున్నాం అని నవ్వించి దిగిపోయాడు. ఆ నెలలోనే కొడుకు పుట్టాడు. అంత సన్నటి గెలుపుకి అంత చిన్న ప్రసంగమే తగింది.

'వుయ్' గురించి మొదలుపెట్టాను కాబట్టి నన్ను ఇరుకున పెట్టిన రెండు చోట్లు చెప్పి మీ ప్రసంగం సంగతికి వస్తాను. మెక్సికోలో 2024 జూన్ 2 ఎన్నికలో క్లాడియా షేన్‌బామ్ గెలిచి, నేను ఒంటరిగా రాలేదు, అందరం వచ్చాం అంది. స్పానిష్‌లో ఆ 'అందరం' స్త్రీలింగం, 'తోదోస్' కాదు, 'తోదాస్'. దేశాన్నిచ్చిన వీరవనితలు, మన పూర్వికురాళ్లు, మన తల్లులు, కూతుళ్లు, మనవరాళ్లు అంటూ ఆ వాక్యం సాగుతుంది, రెండు వందల ఏళ్ల గణతంత్రంలో తొలి మహిళా అధ్యక్షురాలు కదా. మన 'మనం'లో ఆడ, మగ లేదు. ఉత్త 'మనమందరం వచ్చాం' అని రాస్తే అసలు సంగతి ఎగిరిపోతుంది, 'ఆడవాళ్లమందరం వచ్చాం' అంటే ఆ ఒక్క అక్షరంలో ఉన్న దెబ్బ పోయి ఉపన్యాసం అవుతుంది. చివరికి రెండోదే రాశాను, ఇప్పటికీ తృప్తి లేదు.

రెండోది నేను పనిలో చేరకముందుది, కొత్తవాళ్లకి అనువాదం నేర్పేటప్పుడు ఇచ్చేవాణ్ని. 1994 మే 2, జొహానెస్‌బర్గ్ కార్ల్‌టన్ హోటల్లో మండేలా. జలుబు చేసింది, గొంతు సహకరిస్తుందో లేదో అని ముందే క్షమాపణ అడిగాడు. ఇరవై ఏడేళ్లు జైల్లో ఉండి వచ్చిన మనిషి, తనని జైల్లో ఉంచిన పార్టీ నాయకుడు డిక్లర్క్ గురించి ఏమన్నాడంటే, ఈ నాలుగేళ్లూ కలిసి పనిచేశాం, పోట్లాడుకున్నాం, ఆ వాదులాటల చివర చేతులు కలుపుకుని కాఫీ తాగగలిగాం అని ఆయన్ని అభినందించాడు. ఇక్కడ 'వుయ్'కి మేమూ సరిపోదు, మనమూ సరిపోదు. 'మేమిద్దరం' అని రాయాలి. నేర్చుకునేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది 'మేము' అని రాసి, పార్టీ మొత్తం కాఫీ తాగినట్టు చేసేవాళ్లు.

మీ ప్రసంగానికి ఇందులోంచి తీసుకోవాల్సింది ఆ కాఫీనే. ప్రత్యర్థిని "గౌరవనీయులైన నా పోటీదారు" అని దాటేయకండి. పేరు పెట్టి, మీ ఇద్దరి మధ్య నిజంగా జరిగిన ఒక్క సంగతి చెప్పండి, డిబేట్‌లో వాళ్లు మిమ్మల్ని ఇరుకున పెట్టిన ప్రశ్న అయినా సరే. వాళ్ల మేనిఫెస్టోలో మీకు నిజంగా నచ్చినది ఒకటి ఉంటే అది ఇక్కడ చెప్పండి, లేకపోతే ఉన్నట్టు నటించొద్దు. వాగ్దానాలు గుప్పించకండి, అవి ప్రచారంలో అయిపోయాయి. అర్జెంటీనాలో హవియెర్ మిలే 2023లో గెలిచిన రాత్రే మెల్లమెల్లగా మార్చడాలు, సగం సగం పనులు ఉండవని తేల్చి చెప్పాడు, అది ఆయనకి నప్పింది ఎందుకంటే ప్రచారమంతా అదే గొంతు, దాదాపు 56 శాతం ఓట్లు, మీ మాక్ ఎన్నికల్లో ఆ తరహా ఎత్తుకుంటే వెటకారంగా వినిపిస్తుంది. ఐదు నిమిషాలు దాటొద్దు.

రాయడం అయ్యాక రెండు రంగుల పెన్నులు తీసుకుని 'మేము'లన్నిటి కింద ఒకటి, 'మనం'ల కింద ఇంకొకటి గీయండి. మీకు తెలుగులో రాసే అదృష్టం ఉంది, భాషే దొంగని పట్టిస్తుంది. చివరి పేజీలో కూడా 'మేము' రంగే ఎక్కువ కనిపిస్తే మళ్లీ రాయండి. తర్వాత దాన్ని మీ ఫ్రెండ్స్‌కి కాదు, అవతలి ప్యానెల్‌కి ఓటేస్తానని చెప్పిన వాళ్లెవరికైనా చదివి వినిపించండి, మీ వాళ్లు ఎలాగూ చప్పట్లు కొడతారు. వాళ్లు ఎక్కడ ముఖం తిప్పుకుని ఫోన్ చూసుకున్నారో గుర్తు పెట్టుకుని వచ్చి ఆ వాక్యం కొట్టేయండి.

ఇంకో మాట, ఓడిపోతే చదవాల్సిన కాగితం కూడా రాసి ఇంకో జేబులో పెట్టుకోండి. 2012లో మిట్ రోమ్నీ పోలింగు రోజున విమానంలో విలేకరులతో, గెలుపు ప్రసంగం రాయడం అయిపోయింది, 1,118 పదాలు వచ్చింది, ఓటమిది మాత్రం రాయలేదు అన్నాడు. ఆ రాత్రి అవసరపడింది ఆ రెండోదే.